ప్రాగ్ సందుల్లో నీలం చుక్కను నమ్మొచ్చా?

ప్రశ్న: నేను జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. డిసెంబరులో హైదరాబాద్ నుంచి ముగ్గురు స్నేహితులు వస్తున్నారు. ఒక రోజంతా చెక్ రాజధాని ప్రాగ్‌ను నడిచే చూడాలనుకుంటున్నాం. నా ఒక్క ఫోన్ హాట్‌స్పాట్ నలుగురికీ సరిపోతుందా? గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటే చాలా?

జవాబు: మీ జర్మనీ సిమ్ గురించి టెన్షన్ వద్దు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య అదనపు రోమింగ్ చార్జీలను 2017 జూన్ 15 నుంచి ఎత్తేశారు కాబట్టి ప్రాగ్‌లోనూ మీ మామూలు ప్లానే నడుస్తుంది. చిక్కల్లా హాట్‌స్పాట్‌తోనే. అది నలుగురూ పక్కపక్కన ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో క్రిస్మస్ సంత రద్దీలో ఒకరు వెనకబడ్డారంటే, సరిగ్గా మీతో మాట్లాడాల్సిన సమయానికే వాళ్లకు నెట్ పోతుంది. అందుకే మిగతా ముగ్గురిలో కనీసం ఒకరిని ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) తీసుకోమనండి. *#06# నొక్కినప్పుడు ఈఐడీ నంబరు కనిపిస్తే ఆ ఫోన్‌లో ఈసిమ్ పనిచేస్తుంది. దాన్ని హైదరాబాద్‌లో ఇంటి వైఫై మీదే ఎక్కించుకోవాలి. ఇండియా సిమ్ మాత్రం తీసేయొద్దు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయల్దేరే ముందే దానికి రోమింగ్ పెట్టించుకుని, డేటా రోమింగ్ ఆఫ్ చేస్తే చాలు.

ఇక మ్యాప్ సంగతి. చాలామందికి తెలియనిది ఇదే: గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారి చూపిస్తుంది కానీ నడక దారి చూపించదు. మీరేమో నడవడానికే వెళ్తున్నారు! ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, ముందురోజు రాత్రే చెక్ దేశంలో ప్రాగ్ ఉన్న భాగాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. అందులో నెట్ లేకపోయినా నడక దారి వస్తుంది. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్‌ను నేరుగా అందుకుంటుంది.

అయితే స్క్వేర్ నుంచి చార్లెస్ బ్రిడ్జి వైపు వంకర్లు తిరిగే కార్లోవా వీధిలో ఆ సిగ్నల్ ఎత్తైన గోడలకు తగిలి మళ్లుతుంది. మ్యాప్‌లో మీరున్న చోటు చూపే నీలం చుక్క పక్క సందులోకి దూకినా కంగారు పడి వెనక్కి తిరగకండి. తల ఎత్తి బ్రిడ్జి మొదట్లో ఉన్న నల్లటి గోపురం కోసం చూడండి. వంతెన మీదికి చేరాక ఎదురుగా కొండ మీద కోట, సెయింట్ వీటస్ చర్చి శిఖరాలు కనిపిస్తూనే ఉంటాయి. 14వ శతాబ్దంలో కట్టడం మొదలైన ఆ 516 మీటర్ల వంతెన మీద ఫోన్ జేబులో పెట్టి నడవండి, అది నా కోరిక.

వాట్సాప్ లైవ్ లొకేషన్‌ను 8 గంటలకు పెట్టుకోవచ్చు కానీ బ్యాటరీ తొందరగా అయిపోతుంది. విడిపోయినప్పుడు 15 నిమిషాలకు పెడితే సరిపోతుంది. ఫోన్ ఆగిపోతే కలుసుకునే చోటు కూడా పొద్దున్నే అనుకోండి. 1410 నాటి ఖగోళ గడియారం కింద మాత్రం వద్దు. గంట కొట్టగానే అందులో కదిలే అపోస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు చూడటానికి జనం కిక్కిరిసిపోతారు. అదే స్క్వేర్‌లోని మత సంస్కర్త యాన్ హుస్ విగ్రహం నయం.

చలికి బ్యాటరీ గబగబా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ను కోటు లోపలి జేబులో ఉంచండి. నలుగురికి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తెమ్మనండి. సాధారణంగా అది 74 వాట్ అవర్లు, అంటే విమానంలో అనుమతించే 100 లోపే. చెక్-ఇన్ సామానులో కాకుండా చేతి బ్యాగులోనే పెట్టాలి.

ఎవరైనా విడి కెమెరా తెస్తే ఇండియా టైమ్‌లో ఉన్న దాని గడియారాన్ని నాలుగున్నర గంటలు వెనక్కి తిప్పమనండి. లేకపోతే అందరి ఫొటోలు ఒక ఆల్బమ్‌లో వేసినప్పుడు పొద్దుటి వంతెన రాత్రి సంత పక్కకు వచ్చి చేరుతుంది.