లమార్ జాక్సన్‌ని మూడో రౌండ్లో తీసుకుంటే తొందరపడ్డట్టేనా?

మీ ఫాంటసీ లీగ్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో కాగితం మీద టీం కట్టుకుని, వాళ్ళ అసలు ఆటల అంకెలకి పాయింట్లు వేసుకునే ఆట) పది మంది ఉన్నారు, వారానికి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే (పాసులు విసిరి టీంని నడిపేవాడు) ఆడించాలి, వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్లో బాల్టిమోర్ రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ లమార్‌ని తీసుకోవాలని మీకు ఉంది, మీ ఆఫీసు వాళ్ళేమో వద్దంటున్నారు. ఇదీ మీ ప్రశ్న. నేనైతే తీసుకోమనే చెబుతాను. కాకపోతే అతని ఎంవీపీ (సీజన్‌లో మేటి ఆటగాడు) అవార్డులు చూసి తీసుకోకండి.

ముందు నా సంగతి. నేనుండేది బాల్టిమోర్‌కి నలభై నిమిషాల దూరంలో. మా లీగ్‌లో పది మందిమీ తెలుగువాళ్ళమే. లేబర్ డే ముందు శనివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో బోర్డు పెట్టుకుని, ఆటగాళ్ళ పేర్ల స్టిక్కర్లు అంటిస్తూ డ్రాఫ్ట్ చేసుకుంటాం. సీజన్ అయ్యాక ఆఖరి స్థానంలో ఉన్నవాడు అందరికీ బిర్యానీ వండిపెట్టాలి. బయట నుంచి తెస్తే చెల్లదు.

2019లో కబుర్లలో పడి తొమ్మిదో రౌండ్ దాకా క్వార్టర్‌బ్యాక్ సంగతే మర్చిపోయాను. చూసుకునేసరికి మిగిలినవాళ్ళలో నాకు బాగా తెలిసింది లమార్ ఒక్కడే, లోకల్ టీం కదా. స్టిక్కర్ అంటిస్తుంటే మా బావ, "ఒరేయ్, ఇప్పుడు తీసుకోవాల్సింది క్వార్టర్‌బ్యాక్‌ని, రన్నింగ్ బ్యాక్‌ని కాదు" అన్నాడు. రన్నింగ్ బ్యాక్ అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు, లమార్‌కి పాసు చేతకాదు, పరుగే వచ్చని బావ ఎగతాళి. అందరూ గొల్లున నవ్వారు. బావని అనడానికేం లేదు. 2018లో అసలు టీంలు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో లమార్ కంటే ముందు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లని తీసుకున్నారు, ఇతను మొదటి రౌండ్ చివరన 32వ వాడిగా రేవెన్స్‌కి దక్కాడు. కాలేజీలో పంతొమ్మిదేళ్ళకే, కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తెచ్చుకున్న కుర్రాణ్ణి పట్టుకుని, వెళ్ళి పాసులు అందుకునే రిసీవర్‌గా ఆడుకోమని సలహా ఇచ్చిన పెద్దమనుషులు కూడా ఉన్నారు.

సీజన్ మొదటి ఆదివారం మయామీలో రేవెన్స్ 59-10తో గెలిచారు. లమార్ 324 యార్డులు, 5 టచ్‌డౌన్ పాసులు (బంతి అవతలి చివరి గీత దాటితే టచ్‌డౌన్) విసిరాడు. పరుగెత్తింది మూడంటే మూడుసార్లు, వచ్చినవి 6 యార్డులు. ఆట అయ్యాక మైకు ముందుకొచ్చి, రన్నింగ్ బ్యాక్‌కి ఈమాత్రం చాలు కదా అన్నట్టు ఒక మాట విసిరాడు. నేను ఆ రాత్రే బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఇక లెక్కకొస్తే, మామూలు స్కోరింగ్‌లో పాస్ చేసిన 25 యార్డులకు ఒక పాయింటు, పరుగెత్తిన 10 యార్డులకు ఒక పాయింటు. పాసింగ్ టచ్‌డౌన్‌కి 4, పరుగెత్తి చేస్తే 6, ఇంటర్‌సెప్షన్‌కి (పాస్ అవతలివాళ్ళ చేతికి చిక్కితే) 2 పోతాయి. అంటే కాళ్ళతో తెచ్చిన యార్డు చేత్తో తెచ్చినదానికి రెండున్నర రెట్లు. 2019లో లమార్ 3,127 యార్డులు పాస్ చేశాడు, వాటికి వచ్చింది 125 పాయింట్లు. పరుగెత్తింది 1,206 యార్డులు, వాటికి 120. ఒకే స్లాట్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్‌నీ, ఒక రన్నింగ్ బ్యాక్‌నీ కలిపి ఆడించుకున్నట్టు! అతన్ని తీసుకోవాలనడానికి అసలు కారణం ఇదే. క్వార్టర్‌బ్యాక్ పరుగుల్లో మైకేల్ విక్ 2006లో పెట్టిన 1,039 యార్డుల రికార్డు కూడా ఆ ఏడాదే పోయింది. నవంబరులో సిన్సినాటి మీద 47 యార్డుల పరుగు ఒకటుంది, వీడియో దొరుకుతుంది, చూడండి. మధ్యలో బొంగరంలా ఒక్క చుట్టు తిరుగుతాడు, పట్టుకోబోయినవాళ్ళు గాలిని కౌగిలించుకుంటారు.

36 టచ్‌డౌన్ పాసులు, 6 ఇంటర్‌సెప్షన్లు, పరుగెత్తి ఇంకో 7 టచ్‌డౌన్లు. ఆ సీజన్‌లో ఆడింది 15 ఆటలే, ఆటకి సుమారు 28 పాయింట్లు. ఎంవీపీ ఓట్లన్నీ అతనికే పడ్డాయి. బిర్యానీ ఆ ఏడాది బావే వండాడు, ఉప్పు ఎక్కువైంది.

ఇప్పుడు ఎంవీపీ చూడొద్దని ఎందుకన్నానో చెబుతాను. రెండో ఎంవీపీ 2023లో వచ్చింది. టీం 13 ఆటలు గెలిచింది, లమార్ చాలా తెలివిగా ఆడాడు, కానీ టచ్‌డౌన్ పాసులు 24 మాత్రమే. మన లెక్కలో ఆటకి 21 పాయింట్ల చిల్లర. మంచిదే, కానీ మూడో రౌండ్ ఖర్చుకి తగినది కాదు. ఆ మరుసటి ఏడాది 2024లో 4,172 యార్డులు, 41 టచ్‌డౌన్ పాసులు, ఇంటర్‌సెప్షన్లు కేవలం 4, పైగా 915 యార్డుల పరుగు. ఒకే సీజన్‌లో నాలుగు వేల పాసింగ్, తొమ్మిది వందల పరుగు అంతకుముందు ఎవరికీ లేవు. ఆటకి దాదాపు 26 పాయింట్లు, ఫాంటసీలో క్వార్టర్‌బ్యాక్‌లందరిలో మొదటివాడు. ఎంవీపీ మాత్రం బఫెలో క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్‌కి వెళ్ళింది. మన బోర్డు మీద అవార్డుకి పాయింట్లేమీ రావు కదా.

2024లో అంతగా పెరగడానికి రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఆ ఏడాదే టీంలోకొచ్చి 1,921 యార్డులు పరుగెత్తాడు. అతన్ని ఆపడానికి డిఫెన్స్ ముందుకు ఎగబడితే వెనక ఖాళీ, ఆ ఖాళీలోకి లమార్ పాసులు. అందుకే డ్రాఫ్ట్ రోజున లమార్ పేరు ఒక్కటే కాదు, పక్కన ఎవరున్నారో, అతన్ని కాపాడే ముందు లైన్ ఎలా ఉందో చూడండి.

మీ ఆఫీసు వాళ్ళ మాటలో కూడా న్యాయం ఉంది. పది మంది లీగ్‌లో ఎనిమిదో క్వార్టర్‌బ్యాక్ కూడా ఫర్వాలేకుండా ఆడతాడు, మంచి రన్నింగ్ బ్యాక్‌లు మాత్రం తొందరగా అయిపోతారు. పైగా నా దెబ్బ నేనూ తిన్నాను. 2021లో నాలుగో రౌండ్లోనే లమార్‌ని లాగేశాను. డిసెంబరు 12న క్లీవ్‌లాండ్‌లో చీలమండ దెబ్బ తగిలి కార్ట్ ఎక్కి మైదానం వదిలాడు. మా ప్లేఆఫ్స్ ఆ మరుసటి వారమే. నా బెంచ్ మీద ఇంకో క్వార్టర్‌బ్యాక్ లేడు, వేవర్స్‌లో (ఎవరి టీంలోనూ లేని ఆటగాళ్ళ జాబితాలో) ఉన్నవాళ్ళని అప్పటికే ఊడ్చేశారు. 2022 డిసెంబరులో మళ్ళీ మోకాలు. ఆ రెండేళ్ళలోనూ ఏడాదికి ఆడింది 12 ఆటలే. 2025లో తొడ కండరం పట్టేసి కొన్ని వారాలు కూర్చున్నాడు. 1997 జనవరిలో పుట్టాడు, ఇరవై రెండేళ్ళప్పటి పరుగులు ఇప్పుడూ కావాలంటే ఎలా?

కాబట్టి మొదటి రెండు రౌండ్లలో రన్నింగ్ బ్యాక్‌నో, రిసీవర్‌నో తీసుకోండి. మూడో రౌండ్ చివర్లో మీ వంతు వచ్చేసరికి లమార్ ఉంటే తీసేసుకోండి, రెండో రౌండ్లో మాత్రం వద్దు. నవంబరు ఆఖరుకల్లా బెంచ్ మీద ఎవరు బరువైనా ఒకణ్ణి వదిలేసి రెండో క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టుకోండి. ఆ ఒక్క పని 2021లో చేసి ఉంటే పది మందికి సరిపడా దమ్ బిర్యానీకి ఎన్ని కేజీల బియ్యం కావాలో నాకు ఈపాటికి తెలిసి ఉండేది కాదు.