స్కానర్ ఉంటే పని వచ్చినట్టేనా?

ప్రశ్న: డీజిల్ మెకానిక్ కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాను. పొగలోని కాలుష్యాన్ని తగ్గించే ఉద్గార వ్యవస్థల్లో లోపాలు కనిపెట్టే పనిలో నైపుణ్యం సంపాదించాలని ఉంది. లోపం ఏమిటో స్కానరే చెబుతుంది కదా, ఇక మనిషికి పనేముందని స్నేహితులు అంటున్నారు. ఈ దారిలో వెళ్లవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీ స్నేహితులది పొరపాటు. వాహనంలోని కంప్యూటర్ చేసుకునే ఏ పరీక్షలో ఫలితం తేడాగా వచ్చిందో స్కానర్ చూపే కోడ్ చెబుతుంది, అంతే. ఏ భాగం పాడైందో మీరే తేల్చాలి.

పి20ఇఇ కోడ్‌నే తీసుకోండి. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్ పనితీరు పడిపోయిందని దాని అర్థం. అది చూడగానే క్యాటలిస్ట్ మార్చేసేవాళ్లు ఉన్నారు. ఎంతో ఖరీదైన భాగమది. లోపం మరోచోట ఉంటే, కొత్తది బిగించినా కొన్నాళ్లకు వాహనం అదే కోడ్‌తో తిరిగి వస్తుంది. ముందు ట్యాంకులోని డీఈఎఫ్ ద్రవం, అంటే క్యాటలిస్ట్ పనిచేయడానికి ఎగ్జాస్ట్‌లోకి చిమ్మే యూరియా ద్రావణం చూడాలి. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. ద్రవం గాఢత చూపే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే, నీళ్లు కలిశాయో లేదో నిమిషంలో తెలిసిపోతుంది. అది బాగుంటే ఆ ద్రవాన్ని చిమ్మే ఇంజెక్టర్ మూతి దగ్గర యూరియా తెల్లగా గడ్డకట్టిందా, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సార్లు నమ్మదగిన అంకెలు ఇస్తున్నాయా, ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకవుతోందా అని చూసుకుంటూ వెళ్లాలి. క్యాటలిస్ట్ వంతు చివర్లోనే.

మసి ఫిల్టర్ నిండిందని చెప్పే పి2463 కూడా ఇలాంటిదే. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసినప్పుడు, ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా దాదాపు సున్నా ఉండాలి. లేకపోతే సెన్సార్‌నో వైర్లనో అనుమానించండి. సెన్సార్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను వేళ్లతో వంచి చూడండి. వేడికి పడిన సన్నని పగుళ్లు అప్పుడే బయటపడతాయి. నిజంగానే ఫిల్టర్ నిండితే, ఎందుకు నిండిందన్నది అసలు ప్రశ్న. వాహనం ఎప్పుడూ కొద్ది దూరాలే తిరుగుతుంటే, మసి కాలిపోవడానికి కావలసిన 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి అందదు.

ఒక్క అలవాటు మాత్రం చేసుకోకండి: రాగానే కోడ్ చెరిపేయడం. లోపం నమోదైన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, ఇంజిన్ మీద భారం ఎంతో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ సమాచారం కూడా దాంతో పోతుంది.

ఫిల్టర్ తీసేయమనీ, సాఫ్ట్‌వేర్‌లో ఉద్గార వ్యవస్థను ఆపేయమనీ అడిగేవాళ్లు వస్తారు. ఆ పని చేయకండి. చాలా దేశాల్లో అది నేరం. ఆ పొగ పీల్చేది పక్కన నడిచే పిల్లలు.

విద్యుత్ వాహనాలు వస్తున్నాయన్న భయం వద్దు. మల్టీమీటర్‌తో వోల్టేజి నష్టం కొలవడం, వైరింగ్ చిత్రం చదవడం అక్కడా పనికొచ్చే విద్యలే. ట్రక్కుల మీద పనిచేయాలనుంటే లోపం దేనిలో ఉందో చెప్పే ఎస్‌పీఎన్, అది ఎలాంటిదో చెప్పే ఎఫ్‌ఎంఐ సంఖ్యల పద్ధతి కూడా నేర్చుకోండి.

మిగిలిన ఈ కొద్ది నెలలూ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి వాహనానికీ వచ్చిన కోడ్, భాగం విప్పకముందే మీ అంచనా, చివరికి దొరికిన కారణం రాయండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ పుస్తకమూ చూపించండి.