సమాధానం: అపోలో 11 ప్యాచ్‌పై పేర్లు లేకపోతే నకిలీదా?

మీ అబ్బాయికి కొన్న అపోలో 11 ప్యాచ్ (మనుషులు మొదటిసారి చంద్రుడి మీద దిగిన 1969 నాటి యాత్ర గుర్తు ఉన్న గుడ్డ బిళ్ల) మీద వ్యోమగాముల పేర్లు లేవని, భూమి మీద నీడ కూడా తేడాగా ఉందని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. ఆ రెండింటిని బట్టి నకిలీ అనలేం, అసలు డిజైనే అంత.

ఈ ప్రయాణం వెనక వేల మంది శ్రమ ఉందని, తమ ముగ్గురి పేర్లూ వద్దని ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ నిర్ణయించుకున్నారు. అంకెను అక్షరాల్లో రాస్తే ఇంగ్లిష్ రానివాళ్లకు అర్థం కాదని 11 అనే వేశారు. ఇక ప్యాచ్ మీదున్న గద్ద కథ భలే ఉంటుంది. కాలిన్స్ ఒక పక్షుల పుస్తకంలోని బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి దాన్ని గీసుకున్నాడు. శాంతికి గుర్తుగా ఆలివ్ కొమ్మను ముందు ముక్కున పెట్టారు. అయితే చాచిన గోళ్లు చూసి నాసా పైఅధికారులు గద్ద యుద్ధానికి దిగుతున్నట్టుందన్నారు. దాంతో కొమ్మను ముక్కు నుంచి తీసి కాలి గోళ్లలో పెట్టారు. పక్షికి అది కొంచెం ఇబ్బందే పాపం!

నీడ సంగతి మాత్రం నిజంగా పొరపాటే. చంద్రుడి మీద వాళ్లు దిగిన చోటు నుంచి చూస్తే భూమి కింది భాగం చీకటిగా ఉండాలి. ప్యాచ్‌లో ఎడమవైపు చీకటి వేశారు. అది అలాగే ఉండిపోయింది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. స్పేస్ సూట్ల మీద కుట్టినవి నిప్పంటుకోని బీటా క్లాత్ మీద ప్రింట్ చేసినవి. మీది దారంతో ఎంబ్రాయిడరీ చేసిందైతే, సూట్ మీదిదని చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే మాత్రం నమ్మకండి.