వశిష్ఠ పాయలో ట్యూబులు వేసే ముందు పాటు వేళ అడగండి

రొమ్ము క్యాన్సర్ రోగుల సహాయానికి అక్టోబరులో గోదావరిపై ట్యూబుల్లో తేలుతూ వెళ్లే కార్యక్రమం పెట్టి విరాళాలు సేకరించవచ్చా అని అడిగారు. తప్పకుండా పెట్టండి, కానీ అక్టోబరులో వద్దు. అవగాహన మాసమే అయినా అది మనకు తుపాన్ల కాలం. వరద తీసిన ఎర్రనీటి కింద గొయ్యి ఎక్కడుందో, ఇసుక మేట ఎక్కడ వేసిందో కనిపించదు. మేము సంక్రాంతి దాటాక, గోదావరి చీలిన వశిష్ఠ పాయలో, నరసాపురానికి ఎగువన పెట్టాం.

ఆ రోజుల్లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు ఎక్కువగా దాళ్వా (రబీ వరి) కోసం కాలువలకే మళ్లుతుంది. పాయలో ట్యూబును కదిలించేది సముద్రపు ఆటుపోట్లే: పోటుకు నీరు ఎగువకు ఎక్కుతుంది, పాటుకు దిగువకు తీస్తుంది. ఇది తెలియకే దెబ్బతిన్నాం. ముందుగా ఒక రోజు ఉదయం ఎనిమిదికి వేసి చూసిన ట్యూబులు హాయిగా దిగువకు సాగాయి. వారం తరువాత అదే ఎనిమిదికి అరవై మందిని రేవులో దింపితే అన్నీ ఎగువకు నడిచాయి! పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారం గడిచేసరికి పాటు ఉన్న వేళకు పోటు వస్తుంది. "ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లం కదండీ" అన్నారు అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన. పాటు మొదలయ్యేదాకా రెండు గంటలు ఆగాం. ఆపైన సముద్రపు గాలి ఎదురవుతుందని ఆయన చెప్పడంతో సగం దూరానికే ముగించాం.

పోలీసుల, జలవనరుల శాఖ అనుమతులు, అందరికీ లైఫ్ జాకెట్లు, వెంట మూడు నావలు, గజ ఈతగాళ్లు లేకుండా ఎవరినీ నీళ్లలో దింపకండి. లారీ ట్యూబు వాల్వుకు గుడ్డ చుట్టండి, ఒళ్లు గీరుకుపోతుంది.

డబ్బు రోగులకు సాయం చేసే సంస్థ ఖాతాకే నేరుగా వెళ్లాలి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువులు ఇచ్చేది విదేశీ విరాళం, సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉంటేనే తీసుకోవాలి.

ఇక గట్టు సంగతి. తడిబట్టలతో నలుగురిలో ఎలా అని మా ఊరి ఆడవారిలో చాలామంది నీటిలో దిగలేదు. పాటు కోసం ఆగిన ఆ రెండు గంటల్లో మా పిన్ని వారి మధ్య కూర్చుని, రొమ్ములో గడ్డ నొప్పి పెట్టలేదు కదా అని ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి మొదటిసారి నోరు విప్పి చెప్పింది. వెంట వచ్చిన డాక్టరమ్మను ఆ తరువాత ఎవరూ వదల్లేదు. మీరు ఆ కూర్చునే వేళను ముందే ఏర్పాటు చేసుకోండి, చెట్టు నీడ చూసి, మగవారిని కాస్త దూరంగా ఉంచి. ఆ వారంలో మా వీధి నుంచే నలుగురు పరీక్షకు వెళ్లారు. విరాళాలు ముట్టుకోకుండా ఆటో ఖర్చు మేమే పెట్టుకున్నాం.