అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో ఎక్కువ గెలిచిన జట్టుకు కింది ర్యాంకు ఎందుకు వస్తుంది?

అక్కడ విజయాల సంఖ్య కన్నా డివిజన్ టైటిల్‌కే పెద్దపీట కాబట్టి. మొత్తం 32 జట్లు ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అనే రెండు కాన్ఫరెన్సులుగా, ఒక్కో కాన్ఫరెన్సు నాలుగేసి జట్ల నాలుగు డివిజన్లుగా ఉంటాయి. ఒక్కో కాన్ఫరెన్సులో డివిజన్ విజేతలకు 1 నుంచి 4 ర్యాంకులు. మిగిలినవారిలో మెరుగైన ముగ్గురికి వైల్డ్‌కార్డుగా 5, 6, 7. వైల్డ్‌కార్డు జట్టు ఎన్ని గెలిచినా దానికి అయిదు కన్నా పై ర్యాంకు రాదు.

2024 సీజన్‌లో మిన్నెసోటా 17 మ్యాచ్‌లలో 14 గెలిచింది. అయితే అదే డివిజన్‌లో డెట్రాయిట్ 15 గెలవడంతో అయిదో ర్యాంకుతో సరిపెట్టుకుంది. పది గెలిచిన లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు నాలుగు దక్కింది. అంతకన్నా విడ్డూరం 2010 సీజన్‌ది. ఏడే గెలిచి తొమ్మిది ఓడిన సియాటిల్, బలహీనమైన డివిజన్‌లో విజేతగా నిలిచి, పై ర్యాంకు పుణ్యమా అని సొంత మైదానంలో ఆడింది. పదకొండు గెలిచిన న్యూ ఓర్లీన్స్ అక్కడికే వెళ్లి 41-36తో ఓడింది! నా దృష్టిలో డివిజన్ విజేతకు చోటివ్వడం సబబే, సొంత మైదానం కూడా ఇవ్వడమే అతి.

మొదటి ర్యాంకు జట్టుకు తొలి రౌండ్ ఆడే పని లేదు. ఆ తర్వాత, మిగిలినవాటిలో అన్నిటికన్నా కింది ర్యాంకు జట్టే దానికి ప్రత్యర్థి. అంటే టెన్నిస్‌లా డ్రా ముందే ఖరారు కాదు. ర్యాంకులు మాత్రం మధ్యలో మారవు. ఫైనల్ అయిన సూపర్‌బౌల్ వేదికకు వీటితో సంబంధమే లేదు, దాన్ని ఏళ్ల ముందే నిర్ణయిస్తారు.