ఎంపీడీయూ ఇల్లు ఐదేళ్ళకి అమ్ముకోవచ్చా? - సమాధానం

మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీలో ఎంపీడీయూ (మోడరేట్లీ ప్రైస్డ్ డ్వెల్లింగ్ యూనిట్, అంటే కౌంటీ పథకం కింద మార్కెట్ కంటే తక్కువ ధరకి అమ్మే ఇల్లు) టౌన్‌హౌస్ కొని, ఐదేళ్ళ తర్వాత మార్కెట్ ధరకి అమ్మొచ్చా అని అడిగారు కదండీ. కుదరదు. 30 ఏళ్ళ పాటు ధర మీద కౌంటీ నియంత్రణ ఉంటుంది. ఈలోగా అమ్మితే మీరు కొన్న ధర, దానిపై ద్రవ్యోల్బణం, కౌంటీ ఒప్పుకున్న మార్పుల ఖర్చు, అంతవరకే వస్తాయి. గడువు దాటాక అమ్మినా అదనపు లాభంలో కౌంటీకి వాటా ఉంటుంది.

ఇది అన్యాయమని అనుకోకండి. 1974లో పథకం మొదలైనప్పుడు ఈ గడువు ఐదేళ్ళే. తర్వాత పదేళ్ళు చేశారు. గడువు తీరిన ఇళ్ళు చాలావరకు మార్కెట్ ధరలోకి వెళ్ళిపోయి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి దక్కకుండా పోయాయి. అందుకే 2005లో 30 ఏళ్ళకి పెంచారు. ఆ నిర్ణయం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. పెద్ద వెంచర్లలో కనీసం 12.5 శాతం ఇళ్ళు ఇలా కేటాయించాలి, అంతకన్నా ఎక్కువ కేటాయిస్తే బిల్డర్‌కి అదనపు ఇళ్ళు కట్టుకునే వీలు ఇస్తారు.

పిల్లల చదువు కోసం ఒకేచోట స్థిరపడాలంటే మాత్రం ధైర్యంగా అప్లై చేయండి. గత ఐదేళ్ళలో సొంత ఇల్లు ఉండకూడదు, కొన్నాక అందులో మీరే ఉండాలి. ముందు కౌంటీ గృహ శాఖ నడిపే ఓరియంటేషన్ క్లాసుకి వెళ్ళండి.