ఈబస్ నెగెటివ్ వచ్చినా మీడియాస్టినోస్కోపీ ఎందుకంటే

పెట్ స్కాన్‌లో (కణాలు చక్కెరను ఎక్కువగా వాడుకునే చోటు వెలిగి కనిపించే స్కాన్) ఛాతీ మధ్య లింఫ్ గ్రంథి వెలిగింది, ఈబస్ (శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ ఉన్న గొట్టం పంపి, సూదితో గ్రంథిలోంచి కణాలు తీసే పరీక్ష) సూదికి క్యాన్సర్ దొరకలేదు, అయినా నాన్నగారికి మీడియాస్టినోస్కోపీ (ఛాతీ మధ్యలోకి కెమెరా గొట్టం పంపి గ్రంథుల్ని చూసే ఆపరేషన్) ఎందుకని అడిగారు కదండీ. డాక్టరు చెప్పింది సబబే. సూదికి వచ్చేది చిటికెడు కణాలే. ముందు ఈబస్ రిపోర్టులో లింఫోసైట్లు (లింఫ్ గ్రంథుల్లో ఉండే తెల్ల రక్తకణాలు) కనిపించాయని రాశారేమో చూడండి. అవి లేకపోతే సూది అసలు గ్రంథిలోకి దిగిందో లేదో చెప్పలేం, దాన్ని నెగెటివ్ అని లెక్కపెట్టకూడదు. మీడియాస్టినోస్కోపీలో పూర్తి మత్తు ఇచ్చి, మెడ కింద చిన్న కోతతో గ్రంథి ముక్కలే తీస్తారు. అనుమానమున్నది ఏ స్టేషన్ (ఛాతీలో గ్రంథులున్న చోటుకి డాక్టర్లు ఇచ్చే నంబరు) గ్రంథో కూడా అడగండి. 5, 6 అయితే మామూలు మీడియాస్టినోస్కోపీకీ అందవు, పక్కటెముకల మధ్య నుంచి వెళ్లాలి. ఇంకోటి, టీబీ ఉన్నా పెట్‌లో వెలుగుతుంది, అప్పుడే టెన్షన్ పడకండి.